మూడు ఓట్ల ద్వీపం: మారిషస్ పార్లమెంటు నడిచే తీరు

భిలాయి ఉక్కు నగరంలో సెక్టారు 5 లోని బాలాజీ మందిరం వద్ద ఉగాదినాటి సాయంకాలం. పంచాంగ శ్రవణం ముగిసినది. పచ్చడి గిన్నెలు ఖాళీ అయినవి. పిల్లలు హిందీలో కేకలు వేసుకొంటూ పరుగులు తీస్తున్నారు; పెద్దలు గట్టుమీద చేరి తెలుగులో లోకాభిరామాయణం సాగిస్తున్నారు. యౌవనంలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, బ్లాస్టు ఫర్నేసు వద్ద ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొన్న పెద్దాయన ఒకరు నావైపు తిరిగి అడిగారు:

“మారిషసులో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉన్నదట గదా బాబూ! అక్కడ మనవాళ్ళు ఎందరుంటారు? గుప్పెడు మంది. ఆ గుప్పెడు మంది మాట సభలో ఎవరు వినిపిస్తారు? అసలు ఆ సభ ఎట్లా నడుస్తుంది?”

“తాతగారూ, అది ఒక్క మాటలో చెప్పేది కాదు” అన్నాను.

“ఒక్క మాటలో ఎవరు చెప్పమన్నారు? తీరికగానే చెప్పు” అన్నారాయన.

ఆ ప్రశ్న భిలాయిలో పుట్టడం సహజమే. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరిన తరువాత దుర్గ్ జిల్లా పల్లెల నడుమ ఈ కర్మాగారం లేచినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. కొలిమి వెలిగిననాటి నుండి దేశంలోని నాలుగు మూలల వారూ ఇక్కడికి చేరారు. ఛత్తీస్‌గఢీలు, తెలుగువారు, బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు ఒకే వీధిలో కాపురముంటున్నారు. ఒకే వరుసలో నిలబడి ఓటు వేస్తున్నారు. పలు భాషల, పలు మతాల వారు కలసి బ్రతికే చోట చట్టసభ ఎట్లా ఉండాలి? ఎవరి సంఖ్య తక్కువో వారి గొంతు అణగిపోకుండా చూడాలంటే ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న ఆఫ్రికా రిపబ్లిక్కు తనదైన సమాధానం చెప్పుకొన్నది. ఆ సమాధానంలో తెలివి ఉన్నది, చిక్కు కూడా ఉన్నది. రెండూ తెలుసుకోదగినవే.

కోరంగి నుండి పోర్ట్ లూయీకి

మారిషస్ ప్రధాన ద్వీపం వైశాల్యం రెండువేల చదరపు కిలోమీటర్లకు మించదు. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. 1834 నుండి బ్రిటిషువారు అక్కడి చెరకు తోటలలో పనికి భారతదేశం నుండి ఒప్పంద కూలీలను రప్పించారు. తోటలకు చేరిన ఆ కూలీల సంఖ్య నాలుగున్నర లక్షల వరకు ఉంటుందని అంచనా. వారు ఓడ దిగి మెట్లెక్కిన చోటు, పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరినది. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు నుండి పోయినవారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. రేవు పేరే జాతి పేరైనది. అక్కడి తెలుగువారు 1947లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ ద్వీపంలోనే జరిగినవి.

కాని తోటకూలీకి చాలకాలం ఓటు లేదు. 1885 నాటి రాజ్యాంగం కింద కౌన్సిలుకు పదిమంది సభ్యులను ఎన్నుకొనే ఏర్పాటు చేశారు గాని, ఆస్తిపాస్తులూ ఆదాయమూ ఉన్నవారే ఓటర్లు. భారతీయ సంతతి వారు మొదటిసారి ఎన్నికలలో గెలిచి కౌన్సిలులో కాలుమోపినది 1926లో. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి కూడా ఓటర్ల సంఖ్య సుమారు పన్నెండు వేలు. చెరకు నరికేవాడు పన్ను కట్టవలసినదే, చట్టానికి లోబడవలసినదే. చట్టం చేసేవారిని ఎన్నుకొనే హక్కు మాత్రం అతనికి లేదు.

తెలుగు చదివితే ఓటు

1947 నాటి కొత్త రాజ్యాంగం తలుపు కొంచెం తెరచినది. ఆస్తితో నిమిత్తం లేకుండా, సాధారణమైన వాక్యాలను చదివి వ్రాయగల వయోజనులకు, స్త్రీలకు సైతం, ఓటు హక్కు ఇచ్చినది. ఏ భాషలో చదవాలి? ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే అనలేదు. హిందుస్తానీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ, చైనీసు, క్రియోల్ భాషలలో ఏది వచ్చినా చాలునన్నది. తెలుగునాట వయోజన ఓటు ఇంకా రాకముందే, సముద్రం ఆవల ఒక ద్వీపంలో తెలుగు అక్షరాలు వచ్చినంత మాత్రాన ఒక కూలీ ఓటరు కాగలిగినాడు.

ఆ అవకాశాన్ని ప్రజలు చేజార్చుకోలేదు. బసదేవ్ బిసూన్‌దయాల్ నాయకత్వాన సాగిన జన ఆందోళన్ ఉద్యమం వాడవాడలా రాత్రి బడులు నడిపినది. పగలు చెరకు నరికిన చేతులు రాత్రి పలక పట్టినవి. అక్షరాభ్యాసం ఓటు హక్కుకు తొలి మెట్టైనది. 1948 ఆగస్టు ఎన్నికల నాటికి ఓటర్ల జాబితా డెబ్బది వేలు దాటినది. ఎన్నికైన 19 మందిలో ఎక్కువమంది భారతీయ సంతతివారే. అయినను కౌన్సిలులో గవర్నరు నామకరణం చేసిన సభ్యులు, అధికారులు కలసి 15 మంది ఉండేవారు. ప్రజాప్రతినిధులు లోపలికి వచ్చారు. పెత్తనం మాత్రం గవర్నరుదే. వయోజనులందరికీ ఓటు వచ్చి ఎన్నికలు జరిగినది 1959లో. సర్ శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వాన ఆ దేశం స్వతంత్రమైనది 1968 మార్చి 12న. రిపబ్లిక్కుగా మారినది 1992లో అదే తేదీన. అప్పుడే చట్టసభకు ‘నేషనల్ అసెంబ్లీ’ అనే పేరు వచ్చినది.

ఒక ఓటరు, మూడు గుర్తులు

మారిషస్ పార్లమెంటుకు ఎగువసభ లేదు. ఉన్నది ఒక్క సభ. ప్రధాన ద్వీపాన్ని 20 నియోజకవర్గాలుగా విభజించారు. ఒక్కొక్క దానినుండి ముగ్గురు సభ్యులు ఎన్నికవుతారు. ఆరువందల కిలోమీటర్ల దూరాన ఉన్న రోడ్రీగ్స్ దీవి ఇద్దరిని పంపుతుంది. మొత్తం 62. సభ కాలపరిమితి ఐదేండ్లు.

ప్రధాన ద్వీపంలో ఓటరు ఒకే బ్యాలెట్ పత్రంపై మూడు గుర్తులు వేయాలి. రెండే వేస్తే చెల్లదు. నాలుగు వేసినా చెల్లదు. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ముగ్గురు గెలిచినట్లు. మన ఎన్నికల వలె ఒక్కరినే ఎంచుకొని తక్కినవారిని త్రోసిపుచ్చడం కాదు. ఈ ఏర్పాటు వెనుక ఒక లెక్క ఉన్నది. ఒక పార్టీ ఒక నియోజకవర్గంలో ముగ్గురిని నిలబెట్టవలసి వచ్చినప్పుడు, ఆ ముగ్గురినీ ఒకే వర్గం నుండి ఎంపిక చేస్తే మిగిలిన వర్గాల ఓట్లు పోగొట్టుకొంటుంది. కనుక ఊరిలోని జనాన్ని చూచి జట్టును కూర్చుకోవలసి వస్తుంది. చట్టం బలవంతపెట్టకుండానే పార్టీ లాభచింతే అందరికీ చోటు కల్పిస్తుందని ఆశ.

ఆ ద్వీపంలో 2024 నాటికి ఓటర్లు సుమారు పది లక్షలు. మన భిలాయి చేరియున్న దుర్గ్ లోక్‌సభ నియోజకవర్గం ఒక్కదానిలోనే ఆ సంవత్సరం ఓటర్లు సుమారు ఇరువది లక్షలు. ఇక్కడ ఇరువది లక్షల మందికి ఢిల్లీలో ఒక్క సభ్యుడు. అక్కడ పది లక్షల మందికి 62 మంది. ద్వీపంలో సభ్యుడు ఓటరుకు సంతలోనో పెండ్లిలోనో ఎదురుపడక తప్పదు. చిన్న దేశపు ప్రజాస్వామ్యానికి ఇదొక భాగ్యం.

ఓడినవారిలో మేలైనవారు

మూడు ఓట్ల పద్ధతి ఒక్కటే చాలదనే భయం స్వాతంత్ర్యానికి ముందు బలంగా ఉండేది. సంఖ్యలో తక్కువైన ముస్లిములు, చైనా సంతతివారు, క్రైస్తవులలో పలువురు కొత్త దేశంలో తమ గతి ఏమిటని కలత చెందారు. 1967 ఎన్నికలు నిజానికి స్వాతంత్ర్యం వద్దా కావాలా అన్న ప్రశ్నపైనే జరిగినవి. ఓటర్లలో నూటికి నలుబదిమందికి పైగా వ్యతిరేక పక్షానికే ఓటు వేశారు. ఆ భయాన్ని తీర్చడానికి 1966లో బాన్వెల్ కమిషన్ సిఫారసులు, వాటిపై చర్చల ఫలితంగా ఒక వింత ఏర్పాటు రాజ్యాంగంలో చేరినది. ఎన్నికైన 62 మందికి తోడు ఎనిమిది అదనపు స్థానాలు కల్పించి, ఎన్నికలలో ఓడినవారిలో మేలైన ఓట్లు పొందినవారికి వాటిని ఇస్తారు. దీనినే అక్కడ ‘బెస్ట్ లూజర్’ పద్ధతి అంటారు.

రాజ్యాంగం జనాన్ని నాలుగు వర్గాలుగా చూచినది: హిందువులు, ముస్లిములు, చైనా సంతతివారు, ఈ మూడింటిలోను చేరని ‘సాధారణ జనాభా’. ప్రతి అభ్యర్థీ తన వర్గమేదో నామినేషన్ పత్రంలో వ్రాయాలి. ఓటరుకు మాత్రం వర్గంతో పనిలేదు. ఎవరికైనా ఓటు వేయవచ్చును. ఫలితాలు వచ్చిన పిమ్మట ఎన్నికల పర్యవేక్షణ సంఘం లెక్క కడుతుంది. ఒక్కొక్క వర్గపు జనాభాను, ఆ వర్గానికి వచ్చిన స్థానాలకు ఒకటి కలిపిన సంఖ్యతో భాగిస్తారు. ఏ వర్గపు భాగఫలం పెద్దదో ఆ వర్గానికి ఎక్కువ అన్యాయం జరిగినట్లు. అదనపు స్థానం వారికి దక్కుతుంది.

ఉదాహరణకు ఊహించండి. ఒక వర్గపు జనాభా నాలుగు లక్షలు, స్థానాలు 39. నలుబదితో భాగిస్తే పదివేలు. మరొక వర్గం జనాభా ఇరువది నాలుగు వేలు, స్థానం ఒక్కటే. రెంటితో భాగిస్తే పన్నెండు వేలు. కనుక అదనపు స్థానం చిన్న వర్గానిదే. ఇప్పుడు ఆ వర్గానికి రెండు స్థానాలైనవి. మూడుతో భాగిస్తే ఎనిమిది వేలు. తరువాతి స్థానం పెద్ద వర్గం వైపు మొగ్గుతుంది. తక్కెడ ఇట్లా అటూ ఇటూ ఊగి నిలకడకు వస్తుంది. మొదటి నాలుగు స్థానాలు పార్టీతో నిమిత్తం లేకుండా ఈ లెక్కన ఇస్తారు. అయితే అభ్యర్థి ఏదో ఒక పార్టీ పక్షాన నిలిచినవాడై ఉండాలి; స్వతంత్రులకు అవకాశం లేదు. వర్గాల తక్కెడ సరిచేసే ప్రయత్నంలో పార్టీల బలాబలాలు తారుమారు కాకూడదు గనుక, తక్కిన నాలుగింటితో ఆ సమతూకాన్ని తిరిగి నిలబెడతారు. తగిన అభ్యర్థి లేకపోతే స్థానం ఖాళీగానే ఉంటుంది.

ఇక తాతగారి ప్రశ్న. తెలుగువారికి ఈ లెక్కలో ప్రత్యేకమైన గడి ఉన్నదా? లేదు. హిందీ మాట్లాడేవారు, తమిళులు, తెలుగువారు, మరాఠీలు అందరూ ‘హిందువులు’ అన్న ఒకే పద్దు కింద ఉన్నారు. కనుక తెలుగువాడు సభకు పోవాలంటే ఈ రక్షణ కంటె పార్టీ టిక్కెట్టే ఆధారం. ముగ్గురు సభ్యుల నియోజకవర్గంలో పార్టీ కూర్చే జట్టులో చోటు సంపాదించాలి. ఇతర భాషలవారి ఓట్లతోనే గెలవాలి. గుప్పెడు మంది మాట వినబడాలంటే గుప్పెడుకు మించిన స్నేహాలు కావాలన్నమాట.

మంగళవారపు సభ

సభ సాధారణంగా మంగళవారం నాడు సమావేశమవుతుంది. అధికార భాష ఇంగ్లీషు; సభ్యుడు ఫ్రెంచిలో కూడా మాట్లాడవచ్చునని రాజ్యాంగమే చెప్పినది. ఇంటా బజారులో జనం మాట్లాడేది క్రియోల్. భిలాయి పిల్లలు ఇంట తెలుగు, బడిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు వాడినట్లే అక్కడివారూ భాషల మధ్య అలవోకగా మారుతుంటారు. సభాధ్యక్షుణ్ణి సభ ఎన్నుకొంటుంది. ఆయన సభ్యుడు కానక్కరలేదు, వెలుపలివారైనను కావచ్చును.

మంత్రిమండలి సభకు బాధ్యత వహిస్తుంది. అధిక సంఖ్యాకుల మద్దతు పొందగలవాడే ప్రధానమంత్రి. ప్రశ్నల సమయంలో మొదట ప్రధానమంత్రి, తరువాత తక్కిన మంత్రులు సమాధానాలు చెప్పాలి. అన్నింటికన్న పదునైన ఆయుధం ప్రతిపక్ష నాయకుని చేతిలో ఉన్నది. అత్యవసర విషయంపై స్వల్పకాలపు నోటీసుతో ప్రత్యేక ప్రశ్న వేసే హక్కు ఆయన ఒక్కనికే చెల్లుతుంది. బియ్యం ధర గాని, ఓడ ప్రమాదం గాని, అవినీతి ఆరోపణ గాని, ఆనాటి ప్రశ్న ఏమిటా అని దేశమంతా చెవులు రిక్కిస్తుంది. ప్రతిపక్ష నాయకుని పదవి మర్యాద కోసం ఏర్పడినది కాదు, రాజ్యాంగంలోనే వ్రాసిపెట్టినది.

బిల్లు మూడు పఠనాలు దాటాలి. బడ్జెటును పద్దువారీగా సంఘరూపంలో చర్చిస్తారు. ఖర్చయిన డబ్బుపై ఆడిట్ డైరెక్టరు నివేదిక సభ ముందుకు వస్తుంది. దానిని ప్రభుత్వ లెక్కల సంఘం పరిశీలిస్తుంది. మన భిలాయి కర్మాగారపు లెక్కలు స్టీల్ అథారిటీ వార్షిక నివేదికగా మన పార్లమెంటు బల్లపైకి చేరడం, ప్రభుత్వరంగ సంస్థల పరిశీలనకు 1964 నుండి అక్కడొక స్థాయీసంఘం ఉండడం ఇటువంటి ఏర్పాటే. కొలిమిలో కరిగే ప్రతి రూపాయికి ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉండడమే పార్లమెంటరీ విధానానికి పునాది.

సభ ఆమోదించిన బిల్లుపై రాష్ట్రపతి సంతకం కావాలి. రాష్ట్రపతిని ప్రధానమంత్రి ప్రతిపాదనపై సభే ఎన్నుకొంటుంది. ఆయన ఒక బిల్లును పునరాలోచనకు ఒక్కసారి త్రిప్పి పంపవచ్చును. సభ మళ్ళీ ఆమోదిస్తే సంతకం చేయక తప్పదు. ఇది కాగితం మీది నియమం అనుకోకండి. 2002 ఫిబ్రవరిలో ఉగ్రవాద నిరోధక బిల్లు పౌరుల స్వేచ్ఛకు భంగమని రాష్ట్రపతి కాసమ్ ఉతీమ్ భావించారు. త్రిప్పి పంపినా సభ దానినే మళ్ళీ ఆమోదించినది. ఆయన సంతకం చేయలేదు. రాజ్యాంగాన్ని ధిక్కరించనూ లేదు. పదవికి రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి రావలసిన ఉపరాష్ట్రపతి అంగిడి చెట్టియార్ కూడా రాజీనామా చేశారు. చివరికి తాత్కాలిక బాధ్యత వహించిన ప్రధాన న్యాయమూర్తి సంతకంతో అది చట్టమైనది. సభ మాటే నెగ్గినది. కాని ఇద్దరు పెద్దలు కుర్చీకన్న మనస్సాక్షిని గొప్పగా ఎంచినారని లోకం గుర్తుపెట్టుకొన్నది.

పరీక్షా కాలం

ఈ సభ నడక ఎల్లప్పుడు సాఫీగా సాగలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికే, 1969లో, ప్రధాన పక్షాలు చేతులు కలిపి సంకీర్ణ ప్రభుత్వం ఏర్పరచినవి. రాజ్యాంగాన్ని సవరించి, 1972లో జరుగవలసిన ఎన్నికలను 1976కు జరిపినవి. ప్రతిపక్షం అడుగంటినది. ఆ శూన్యంలో యువకుల పార్టీగా మారిషస్ మిలిటెంట్ మూవ్‌మెంట్ లేచినది. 1970లో ప్రధానమంత్రి సొంత నియోజకవర్గంలో జరిగిన ఉపఎన్నికలో ఆ పార్టీ అభ్యర్థిగా గెలిచి సభలో అడుగుపెట్టినవాడు దేవ్ వీరాస్వామి. పేరులోనే దక్షిణాది జాడ వినిపించే ఈ భాషావేత్త తరువాతి కాలంలో క్రియోల్ నాటక రచయితగా ప్రసిద్ధుడైనాడు. 1971 డిసెంబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు, నాయకులను నిర్బంధించారు.

అయినను ఎన్నికలు వచ్చినవి. 1975 నాటి విద్యార్థుల ఆందోళన తరువాత ఓటు వయస్సు 18కి తగ్గినది. మన దేశంలో ఆ మార్పు 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో అమలుకు వచ్చినది. 1976 ఎన్నికలలో కొత్త పార్టీ డెబ్బది స్థానాలలో 34 గెలిచి అతిపెద్ద పక్షమైనది. 28, 8 స్థానాలు గల పాత పక్షాలు రెండూ కలసి 36తో ప్రభుత్వం నడిపినవి. 1982లో ఆ ప్రభుత్వం ఓడినది. శాంతియుతంగా అధికారం చేతులు మారినది. ఎన్నికల వాయిదా నేర్పిన పాఠం మరువలేదు. సభ ఐదేండ్ల కాలపరిమితిని మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలని, సభలో ఒక్కరైనా కాదనకూడదని తరువాత రాజ్యాంగంలో వ్రాసుకొన్నారు. తమ పదవీకాలాన్ని తామే పొడిగించుకొనే దారిని ప్రతినిధులు తామే మూసివేసుకొన్నారు.

రెండవ చిక్కు మూడు ఓట్ల పద్ధతి నుండే పుట్టినది. ఓటరు మూడు గుర్తులూ ఒకే పార్టీకి వేస్తే గాలి ఎటు వీస్తే అటే స్థానాలన్నీ కొట్టుకొని పోతాయి. 1982, 1995, 2024 సంవత్సరాలలో మూడుసార్లు ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 ఒకే కూటమికి దక్కినవి. ఆ మూడుసార్లూ గెలిచినవారికి వచ్చిన ఓట్లు మూడింట రెండు వంతులకు మించలేదు. ఓటర్లలో మూడవ వంతు మంది మాటకు ద్వీపంలో ఒక్క స్థానమూ రాలేదు. అటువంటప్పుడు సభలో ప్రతిపక్షపు గొంతు వినబడినది చాలవరకు ‘ఓడినవారిలో మేలైన’ కొద్దిమంది వల్లనే. 2024 నవంబరులో ప్రతిపక్ష నాయకుడైన వ్యక్తి కూడ ఆ దారినే సభలోకి వచ్చారు. వర్గాల కోసం పెట్టిన కిటికీ ప్రతిపక్షానికి ఊపిరి గాలి అయినది! దామాషా పద్ధతిపై మరి 30 స్థానాలు చేర్చమని 2002లో దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ అధ్యక్షతన కమిషన్ సిఫారసు చేసినది గాని, అది అమలుకు రాలేదు.

ఆగిపోయిన లెక్క

మూడవ చిక్కు అన్నింటికన్న లోతైనది. వర్గాల జనాభా తెలియాలంటే జనగణనలో ప్రతి మనిషిని నీ వర్గమేదని అడగాలి. 1972 తరువాత ఆ ప్రశ్న అడగడం మానివేశారు. ఒకే దేశం కావలసినవారిని ప్రతి పదేండ్లకు నీ వర్గమేది అని ఎందుకు గుచ్చి అడగాలన్న భావన దాని వెనుక ఉన్నది. మంచిదే. కాని అదనపు స్థానాల లెక్కకు అంకెలు కావాలి గదా! అందుచేత 1982లో రాజ్యాంగాన్ని సవరించి 1972 లెక్కలనే స్థిరపరచారు. అప్పుడు పుట్టిన బిడ్డలు నేడు ఏబది దాటినవారు. వారి పిల్లలు ఓటర్లైనారు. తక్కెడలో తూకపు రాళ్ళు మాత్రం అవే.

2005లో కొందరు యువ అభ్యర్థులు తమ వర్గమేదో వ్రాయడానికి నిరాకరించారు. “మేము మారిషస్ పౌరులం, అంతే” అన్నది వారి వాదం. వారి నామినేషన్లు చెల్లకుండ పోయినవి. వ్యాజ్యం ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ వరకు నడచినది. పాత జనాభా లెక్కల ఆధారంగా వర్గం చెప్పమని బలవంతపెట్టడం పౌరహక్కుకు భంగమని 2012లో ఆ కమిటీ అభిప్రాయపడినది. 2014 ఎన్నికలకు మాత్రం వర్గం వ్రాయకపోయినను పోటీ చేయవచ్చునని తాత్కాలిక చట్టం చేశారు. శాశ్వత పరిష్కారం అంత సులువు కాలేదు. తీసివేస్తే చిన్న వర్గాలకు భయం; ఉంచితే యువతరానికి సంకెల.

మనం దీనిని చూచి నవ్వుకోనక్కరలేదు. మన ఇంట కూడ ఇటువంటి గడియారం ఒకటి ఆగియున్నది. ఏ రాష్ట్రానికి లోక్‌సభలో ఎన్ని స్థానాలన్న లెక్కను 1976లో 42వ సవరణ 1971 జనాభా వద్ద నిలిపినది. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి మొదటి జనగణన వరకు పొడిగించినది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోరాదన్నది కారణం. మన రాజ్యాంగం మతవర్గాలకు వేరు నియోజకవర్గాలు వద్దన్నది గాని, షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాలు కేటాయించినది. ఆంగ్లో ఇండియన్లను ఇద్దరిని లోక్‌సభకు నామకరణం చేసే వీలు 331వ అధికరణంలో ఉండేది; 104వ సవరణతో 2020 జనవరిలో అది ముగిసినది. చిన్న వర్గాన్ని సభలోకి చేయిపట్టి తేవడమా, లేక తానే నడచిరానివ్వడమా అన్న ప్రశ్నకు ఏ దేశమూ తుది సమాధానం కనుగొనలేదు.

తిరిగి గట్టుమీదకు

నేను చెప్పినదంతా విని తాతగారు చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా అన్నారు:

“మా వీధిలో పదునాలుగు ఇండ్లు బాబూ. తెలుగు ఇండ్లు మూడే. ఒకసారి నెలల తరబడి కుళాయి సరిగా రాలేదు. తెలుగువాళ్ళం పోయి అడిగితే ఎవరు విన్నారు? బెంగాలీ దాదా, సర్దార్జీ, పక్కింటి ఛత్తీస్‌గఢీ అమ్మ, మేమూ కలసి పోయినాం. వారంలో నీళ్ళు వచ్చినాయి. మీ మారిషస్ వాళ్ళ మూడు గుర్తులంటే ఇదే గదా?”

రాజ్యాంగ పండితులు పుటలకొద్దీ వ్రాసేది ఆయన ఒక కుళాయితో చెప్పారు. మూడు గుర్తులు వేయవలసిన ఓటరు తనవాని పక్కన పరాయివానికి కూడ ఒక గుర్తు వేయడం అలవరచుకొంటాడన్నదే ఆ ఏర్పాటులోని ఆశ. అట్లా వేసినప్పుడు సభ నిండుగా ఉన్నది. మూడూ ఒకే గాలికి వేసినప్పుడు ఎదుటి బల్లలు ఖాళీ అయినవి. చట్టం తలుపు తెరచిపెట్టగలదు. లోపలికి ఎవరిని రానివ్వాలన్నది మాత్రం ఓటు వేసే చేతి పని.

ఒకనాడు చెరకు తోటలో ఒక కూలీ దీపం ముందు కూర్చుండి, ఓటు కోసం తెలుగు అక్షరాలు దిద్దుకొన్నాడు. నాడు అతడు దిద్దినది తన భాషే. దానితో సంపాదించిన ఓటు మాత్రం తన వారి కొరకు మాత్రమే కాదు, ద్వీపం అంతటి కొరకు. మందిరం గంట మ్రోగినది. తాతగారు లేచి, హిందీలో కేకలు వేస్తున్న మనుమణ్ణి తెలుగులో పిలిచారు. వాడు హిందీలో బదులు చెప్పి, తెలుగులో నవ్వుతూ వచ్చి చేయి పట్టుకొన్నాడు.